ఇంటిలోపల నిమ్మచెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావించిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో భారత భాగవతములను గూర్చి ప్రసంగించుట ఆచారము. ఆ పని చేయగల పండితులు ఈ వేదికమీద పలువురు కలరు. నిమ్మవిత్తును గూర్చి చెప్పువారు మాత్రము తక్కువ. అట్లని గ్రంథాలయమునకును నిమ్మకును సంబంధము లేదనరాదు. అమరకోశమును చేతబట్టినవారు వనౌషధివర్గమున జంబీరమునకు గల పర్యాయపదములను చూచియే యుందురు. అందు ‘దంతశఠ’ మనునది యొకటి. దంతములకు ద్రోహము చేయునదని భావము. పచ్చినిమ్మకాయ కొరికి పళ్లు పులిసిన పిల్లవానికి ఈ పేరు వ్యాఖ్యానము లేకయే బోధపడును.

ముందు ఏ కాయను గూర్చి చెప్పుచున్నదియు తేల్చుకొనవలెను. ఈ సీమలో నిమ్మ యనగా కోడిగ్రుడ్డుకంటె చిన్నదై, పలుచని తోలు గలిగి, పండినచో పసుపువన్నెకు తిరుగు కాయ. దీనిని ఇంగ్లీషువారు లైము అందురు. వారు లెమను అనునది మందమైన తోలుగల పెద్దకాయ. ఇచ్చట గజనిమ్మ యని వ్యవహరించునది. ఇటీవలి జన్యుపరిశోధనల వలన ఈ రెండింటి వంశవృక్షమును బయటపడినది. రెండింటికిని తండ్రి మాదీఫలమే. తల్లులు మాత్రము వేరు. గజనిమ్మకు తల్లి పుల్లనారింజ. చిన్ననిమ్మకు తల్లి తూర్పు ద్వీపములలోని యొక అడవిజాతి. పురాణపురుషుల సంసారముల వంటిదే ఇదియు. పెంపకమునకు వచ్చుసరికి రెండును ఒకటే కనుక ఇకమీదట నిమ్మ యన్నచో రెండును గ్రహింపనగును.

నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని పూర్వము పెరటిలో బావి, బావిప్రక్క కరివేప, దాని వెనుక నిమ్మ ఉండుట సామాన్యము. స్నానమాడిన నీరు కాలువ గట్టి ఆ చెట్లకే పోవుచుండెను. అన్నదమ్ములు పాళ్లు పంచుకొనగా పెరళ్లు గదులైనవి. మిగిలిన జాగా సిమెంటు క్రిందికి పోయినది. చెట్టు పోయినదను సంగతి వేసవిలో గాని తెలియదు. నంద్యాల జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిలు నెలలోనే, దేశమునందలి అనేక పట్టణములలో నిమ్మకాయ యొకటి పదిరూపాయలు పలికినది. చిత్రాన్నము కలుపబోయిన ఇల్లాలు కాయను చేతబట్టి సగము చాలునా యని ఆలోచించిన దినములవి. పెరడు లేని యింట, వంటకు తెచ్చిన కాయలోని విత్తునుండియే చెట్టును పెంచవచ్చునా యన్న ప్రశ్న అప్పటినుండి పలువురి నోట వినవచ్చుచున్నది. పెంచవచ్చును. కాని అందులో నమ్మవలసినది యొకటి, భయపడవలసినవి రెండు కలవు.

నమ్మవలసినది విత్తును. ‘విత్తు మొక్క తల్లిని పోలదు, అంటు తెచ్చుకొనుడు’ అను మాట ఈ ప్రాంతమున గట్టిగా నాటుకొని యున్నది. దానికి కారణము మామిడి. బనగానపల్లె మామిడి టెంకను పాతినచో వచ్చునది బనగానపల్లె మామిడి కాదు. తీపో పులుపో, పీచో కండయో, పది సంవత్సరములకు గాని తెలియని మరియొక చెట్టు. అందువలననే ఆ జాతిని అంటుగట్టియే కాపాడుకొనిరి. మామిడికి సరిపోయిన ఈ తీర్పును నిమ్మకు అంటగట్టుట న్యాయము కాదు. నిమ్మవిత్తొకటి నాటినచో ఒక్కొక్కప్పుడు రెండు మూడు మొలకలు వచ్చును. దీని బంధువగు నారింజ విత్తులో ఒకటికి మించిన మొలకలుండుటను హాలెండు దేశస్థుడగు లీవెన్‌హుక్ 1719లోనే గమనించెను. ఆ చిత్రమునకు కారణమును 1878లో స్ట్రాస్‌బర్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వివరించెను. ఆ మొలకలలో ఒకటి మాత్రమే పుప్పొడి కలయికవలన పుట్టినది. మిగిలినవి తల్లిచెట్టు యొక్క సొంత కండనుండి నేరుగా మొలిచినవి. అవి కూతుళ్లు కావు. తల్లియే మరల పుట్టినదని చెప్పవలెను. కనుక ఊరిలో ఏ చెట్టు కాయ రసము నిండుగా నుండునో ఆ చెట్టు విత్తును తెచ్చుకొన్నవారికి ఇంచుమించుగా ఆ చెట్టే లభించును. మాదీఫలమునకును పంపరపనసకును ఈ గుణము లేదు. బంధుత్వమును బట్టి గుణము నిర్ణయింపరాదు.

ఇందు మరియొక మేలు కలదు. ట్రిస్టెజా మొదలగు వైరసు తెగుళ్లు తల్లిచెట్టు కొమ్మలలో దాగియుండి అంటుతోపాటు కొత్త యింటికి వచ్చును; విత్తుద్వారా సామాన్యముగా రావు. సంతలో ఎక్కడినుండి వచ్చినదో తెలియని అంటును నూరురూపాయలకు కొనుటకంటె, తెలిసినవారి చెట్టు పండునుండి విత్తు తీయుట శుభ్రమైన మార్గము.

పండు చెట్టుననే పసుపువన్నెకు తిరిగినదై యుండవలెను. కత్తితో కోసినచో విత్తు తెగును. తోలును మాత్రము గాటుపెట్టి చేతితో విప్పవలెను. విత్తుల జిగురు పోవునట్లు కడిగి, నీడలో ఒక్కపూట ఆరనిచ్చి నాటవలెను. ఇచ్చటనే పలువురు పొరబడుదురు. వడ్లవలె, కందులవలె నిమ్మవిత్తును కూడ ఎండబెట్టి డబ్బాలో దాచి, మంచిరోజు చూచి నాటుదురు. అప్పటికది చచ్చియుండును. ఎండినకొలది ప్రాణము పోవు విత్తు ఇది. ఊరగాయకై కాయలు కోయు దినముననే నాటుట మేలు. ఆషాఢ శ్రావణములు అన్నివిధముల అనుకూలము: కాయలు దొరకును, గాలిలో తేమ యుండును, వేడి మితముగా నుండును. అరంగుళము లోతున పదివిత్తులు వేసినచో రెండుమొదలు నాలుగు వారములలో మొలచును. చలికాలమున ఇంకను ఆలస్యమగును. మొలచిన వానిలో తక్కినవానిని పోలక వేరు పోకడగా నున్నదానిని, మిక్కిలి బక్కదానిని తీసివేసి, ఒక్కరీతిగా బలముగా ఎదుగుచున్న వానిని రెంటిని మూటిని ఉంచుకొనవలెను.

మట్టి సంగతి. కుందూ లోయలోని నల్లరేగడి ప్రత్తికిని శనగకును బంగారము. తొట్టిలోని నిమ్మకు విషము. తడిసినచో ఉబ్బి గాలిని వెడలగొట్టును, ఎండినచో నెరియలు వాసి వేళ్లను త్రెంచును. నంద్యాలవారు ఇంటిముందు మట్టినే తొట్టిలో నింపి, మొక్క చచ్చిన పిదప విత్తును నిందించుట కద్దు. నల్లమల యంచున ఆళ్లగడ్డ, అహోబిలము దిక్కున దొరకు ఎర్రమట్టి దీనికి తగినది. ఎర్రమట్టి యొకపాలు, ఇసుక యొకపాలు, బాగుగా చివికిన పశువుల యెరువొకపాలు కలిపినచో చాలును. పచ్చిపేడ పనికిరాదు. మొదట దోసెడు మట్టిపట్టు పాత్ర, ఆరాకులు వచ్చిన పిదప జానెడు కుండ, ఏడాదికో రెండేండ్లకో అడుగువెడల్పు తొట్టి, తుదకు మూరెడు తొట్టి. ఒకేసారి పెద్ద తొట్టిలో చిన్నమొక్కను పెట్టినచో వేరు చేరని మట్టి నీరుపట్టి పులియును. తొట్టి యడుగున రంధ్రము, రంధ్రముపై పెంకుముక్క తప్పనిసరి. ఆళ్లగడ్డ శిల్పుల చేతిపని దేశదేశములకు పోవుచున్నది. ఆ ఊరివారికి రాతితొట్టియందు మక్కువ యుండుట సహజమే. చూపునకు రాతితొట్టికి సాటిలేదు. కాని అడుగున తొలిపింపక మొక్క నాటినచో అది తొట్టి కాదు, కుంట. ఎండలో పెట్టినచో రాయి కాగి వేళ్లనుడికించును.

ఇక భయపడవలసిన వానిలో మొదటిది చీకటి. ఈ మాట గ్రంథాలయ పాఠకులకు వింతగా దోచవచ్చును. దినపత్రిక చదువుటకు చాలిన వెలుతురు చెట్టునకు చాలదు. మనుష్యుని కన్ను మిక్కిలి సర్దుకొనునది. నీడకు తగినట్లు పాపను విప్పుకొని ‘వెలుగు బాగుగనే యున్నది’ అని చెప్పును. నడివేసవి మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల ప్రమాణముండగా, చదువుగది నడుమ ఉండునది కొన్నివందలు మాత్రమే. అట్టి మూలను పెట్టిన నిమ్మ చావదు, అదియే మోసము. పలుచని ఆకులతో, పొడవుసాగిన కాడతో, ముండ్లు కూడ మెత్తబడి, ఏండ్లకొలది నిలిచియుండి పూవు పూయక యజమానిని ఊరించును.

దినమునకు ఆరుగంటల యెండ దొరకు చోటే దానికి ఇల్లు. పాత మట్టిమిద్దెలలో కప్పున గాలికిని వెలుతురునకును విడిచిన రంధ్రము ఉండెడిది. దానిని ఈ ప్రాంతపు జనులు గవాచి యందురు. దాని క్రింద పడు ఎండముక్క పూటపూటకు జరుగుచుండును కనుక లేతమొక్కకు కొన్నివారములు చాలును గాని చెట్టునకు చాలదు. తూర్పు వసారా, దక్షిణపు కిటికీ, మిద్దెపైకి పోవు మెట్ల మలుపు, ఇవి మేలైన తావులు. వారమున కొకసారి తొట్టిని పావువంతు త్రిప్పినచో చెట్టు ఒకవైపునకే వంగదు. నీడలో పెరిగినదానిని ఒక్కమారుగా ఎండకు ఈడ్చినచో ఆకులు తెల్లబారి మాడును. మొదట ప్రొద్దుటియెండ గంటసేపు, పిదప రెండుగంటలు, ఇట్లు పక్షము దినములలో అలవాటు చేయవలెను. చైత్రవైశాఖములలో నంద్యాల యెండ నలువది డిగ్రీలు దాటిన దినములలో పడమటి గోడప్రక్కనుండి తొట్టిని తీసివేయవలెను. కాగిన గోడ రాత్రివరకును సెగగ్రక్కును. తొట్టిచుట్టు తడిగోనె చుట్టుటయు మంచిదే.

రెండవ శత్రువు నీరు. నీటికొరతవలన చచ్చిన ఇంటినిమ్మలకంటె నీటి ప్రేమవలన చచ్చినవే యెక్కువ. ఇంటిలో నలుగురున్నచో నలుగురును చెంబెడేసి పోయుదురు. ఎవరును పోయలేదని ప్రతివారును తలంతురు. ఈ పనిని ఒక్కరికే అప్పగింపవలెను. మట్టిలో వ్రేలు రెండుకణుపులవరకు గ్రుచ్చి, లోపల పొడిగా నున్ననే, అడుగు రంధ్రమునుండి కారునంతవరకు పోయవలెను. పిదప మరల ఆరువరకు చేయి పెట్టరాదు. క్రింది పళ్లెములో నీరు నిలువరాదు. కొన్ని బోరునీళ్లలో ఉప్పు అధికము. కుండచుట్టు తెల్లనిపొర కట్టి, ఆకుల కొనలు మాడినచో నీటిదే దోషమని యెరుంగవలెను. మంచినీటి శుద్ధియంత్రమునుండి వృథాగా పోవు నీటిని పొదుపుపేరిట చెట్టునకు పోయువారు కలరు. మూలనీటికంటె ఆ నీటిలో ఉప్పు హెచ్చు. గచ్చు కడుగుటకు వాడుకొనవచ్చును గాని నిమ్మకు పోయరాదు. వాననీటిని పట్టియుంచుకొన్నచో అంతకు మించినది లేదు.

ఇంటిలోపల నిమ్మ పెంచుట యేదో కొత్తవింత యని తలంపవలదు. ఫ్రాన్సు దేశపు వెర్సాయి రాజభవనమున నారింజ, నిమ్మజాతుల చెట్లను చలినుండి కాపాడుటకు 1684 మొదలు 1686 వరకు ఒక గొప్పశాలను కట్టిరి. వేయికి మించిన చెట్లు పెట్టెలలో పెరుగుచు, వేసవిలో బయటికిని శీతకాలమున లోనికిని నేటికిని పోయివచ్చుచుండును. రాజుల సంగతి యటుండనిండు. రష్యాలో ఓకా నదియొడ్డున పావ్లొవో అను చిన్న పట్టణము కలదు. తాళములకును కత్తులకును పేరుపడిన కమ్మరుల యూరది. శిల్పుల ఆళ్లగడ్డ వంటిదే యనవచ్చును. 1860 ప్రాంతమున తుర్కీనుండి తెచ్చిన నిమ్మకొమ్మలు ఆ యూరిలో ఇల్లిల్లు వ్యాపించెనని చెప్పుదురు. బయట నెలలతరబడి మంచు కప్పియుండగా లోపల కిటికీచెంత నిమ్మకాయలు వ్రేలాడుచుండును. ఆ యూరివారు నిమ్మకు ఒక స్మారకచిహ్నమును కూడ నిలిపిరి. వారు కొమ్మను నాటి జాతిని నిలుపుకొనిరి. ఇచ్చట విత్తు నాటినచో కార్యము నెరవేరును. వారికి లేని ఎండ ఇచ్చట ఊరక వచ్చుచున్నది, దానికి తలుపుతీయుటయే ఆలస్యము.

పురుగుల బాధ ఇంటిలోను తప్పదు. లేతాకులలో వెండితీగవలె వంకరచారలు కనిపించినచో అది ఆకులో సొరంగము త్రవ్వు పురుగు. ఆకుల గెనుపులలో తెల్లని పిండివలె నున్నది పిండినల్లి. వేపనూనె లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్లు, కొంచెము సబ్బునీరు చేర్చి సాయంకాలము చల్లినచో ఈ రెండును అదుపులోనికి వచ్చును. గజ్జి తెగులు మాత్రము గట్టిది. ఆకుమీదను కాయమీదను గరుకుగా లేచి చుట్టును పసుపువలయము గల మచ్చలు వేయును. వానజల్లు, గాలి కలిసి దానిని చెట్టునుండి చెట్టునకు మోయును గనుక కప్పుక్రింద నున్న తొట్టిచెట్టునకు ఆ భయము కొంత తక్కువ. పెరటిచెట్టునకు లేని అదృష్టమిది. ఇక పక్షిరెట్టవలె ఆకుమీద కదలక కూర్చుండు పురుగొకటి కలదు. పెరిగినకొలది పచ్చబడి, ముట్టుకొన్నచో తలనుండి ఎర్రని జంటకొమ్ములు చాచి వాసన విడుచును. నలుపు పసుపు చిత్రములుగల అందమైన సీతాకోకచిలుక పిల్ల యది. రెండు పురుగులు చాలును, చిన్నమొక్కను వారములో మోడు చేయుటకు. ఏరివేయక తప్పదు. చంప మనసొప్పనివారు దానిని పెద్ద మారేడుచెట్టుమీద విడువవచ్చును. ఆ యాకును తినును.

ఆకుల యీనెలు పచ్చగా నుండి నడుమభాగము పసుపుపచ్చ నైనచో అది రోగము కాదు, ఆకలి. జింకు, ఇనుము చాలలేదని అర్థము. సున్నపుపాలు హెచ్చిన మట్టిలోను నీటిలోను ఇట్లగుట సామాన్యము. రెండునెలలకొకసారి గుప్పెడు చివికిన యెరువు, చారెడు వేపపిండి వేయుచు, వ్యవసాయపు దుకాణములో దొరకు సూక్ష్మధాతువుల మిశ్రమమును పొట్లముపై వ్రాసిన మోతాదున పిచికారి చేయవలెను. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధనాస్థానము ఉండనే యున్నది. సందేహము కలిగినవారు ఆకును చేతబట్టుకొని పోయి అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు.

తుదకు లెక్క. నేలలో నాటిన విత్తునిమ్మ నాలుగైదేండ్లకు కాపునకు వచ్చును. తొట్టిలో ఆరు, ఏడు, ఎనిమిదేండ్లును పట్టవచ్చును. అంటుమొక్క రెండుమూడేండ్లకే కాయును. ఈ విషయమున అంటుదే గెలుపని ఒప్పుకొనవలెను. విత్తుచెట్టునకు ముండ్లును అధికము, చిన్నపిల్లలున్న యింట దారికి దూరముగా ఉంచవలెను. త్వరగా గుబురుగట్టవలెనని తలను మాటిమాటికి త్రుంచినచో పూత ఇంకను వెనుకబడును. కాపు వచ్చిన పిదపను సంవత్సరమునకు కొన్ని డజనులు చేతికి వచ్చిన గొప్ప. తొట్టి, మట్టి, ఎరువు, ఎనిమిదేండ్ల నీటిపని ఖర్చు వ్రాసి, ప్రక్కన కాయల ధర జమకట్టినచో ఖాతా చాలకాలము బాకీలోనే నిలుచును. లాభమునకై పెంపదలచినవారికి గూడూరు దిక్కు నిమ్మతోటలు కలవు. తొట్టి వారి మార్గము కాదు.

అయితే ఆ ఖాతాలో ఒక పద్దు వదలిపోయినది. ఆకు. రెండవయేటినుండియే రెండు లేతాకులు నలిపి నీరుమజ్జిగలో వేసికొనవచ్చును. వేసవిలో పొలమునుండి వచ్చినవానికి దాని విలువ ఇంత యని ఏ చిట్టాలోను వ్రాయుటకు వీలుపడదు. కాయ వచ్చిన పిదప దాని ఘనత వేరుగా చెప్పనక్కరలేదు. 1747లో జేమ్సు లిండు అను నౌకావైద్యుడు చిగుళ్లు కుళ్లి మంచముపట్టిన పండ్రెండుగురు నావికులను జతలుజతలుగా విడదీసి ఆరువిధముల పథ్యములిచ్చి చూడగా, నారింజ, నిమ్మ తిన్న జత వారము తిరుగక ముందే లేచి తిరిగిరి. అయినను ఇంగ్లీషు నౌకాదళము ఆ రసమును నావికులందరికి ఇచ్చుటకు 1795 వరకు పట్టినది. ఆ గుణము సి విటమినుది. అది వేడికి నశించును కనుక చారును పొయ్యినుండి దించిన పిదపనే నిమ్మ పిండవలెను.

మొదటి పూత వచ్చినప్పుడు ఇంటిలోపల తేనెటీగలు రావని దిగులుపడ నక్కరలేదు. నిమ్మపూవు తన పుప్పొడితోనే కాయకట్టును. ప్రొద్దుట కొమ్మను మెల్లగా తట్టినచో చాలును. మొదటియేట పిందెలన్నింటిని మోయనీయక నాలుగైదు మాత్రమే ఉంచి తక్కినవి తుంచవలెను. పూవునుండి పండువరకు అయిదారు మాసములు పట్టును. కాయను లాగక తొడిమతో కత్తిరింపవలెను.

విత్తు తీయుటకు మంచికాయలు ఆషాఢమున గాని రావు. ఎర్రమట్టియు, ఇసుకయు, ఎరువును మాత్రము ఇప్పుడే కలిపి, తడిపి, నీడలో కుప్పవేసి యుంచినచో అప్పటికి చక్కగా మాగియుండును.